కొట్టేసిన గడి

రోహిణి కార్తె, 9వ రోజు

పొద్దున తలుపు తీసేసరికి, గాలిని వడగట్టి లోపలికి తోసే గాలి జల్లెడ ఆగిపోయి ఉంది. బాగుచేసేవాళ్ళకు కబురు పెట్టాను. కప్పు మీద ఎండ యాభై నాలుగు డిగ్రీలుందట, దిగాక చూస్తామన్నారు. ఎండ ఎప్పుడు దిగుతుందో చెప్పలేదు. ఆ ఉక్కలోనే ముప్పై ఒక్కమందిని చూశాను.

ఇరవై తొమ్మిదో మనిషి మోకా ఏడుకొండలు కూతురు హంస. పద్నాలుగేళ్ళ పిల్ల. ఇదే జబ్బుతో రావడం ఇది మూడోసారి. కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు. పోయిన నెల ముప్పై ఆరు కిలోలు, ఈరోజు ముప్పై మూడు. పరీక్ష యంత్రం ముందు కూర్చోబెడితే మొదటి రెండుసార్లు చెప్పిందే మళ్ళీ చెప్పింది: విరేచనాలు, అయిదు రోజులు మాత్రలు. పిల్ల ఏం తింటోందని తండ్రిని అడిగాను. బడి దగ్గర ఏదో చిరుతిండి తిని ఉంటుందన్నాడు. ఆయన వెనక నిలబడి పిల్ల తల అడ్డంగా ఊపింది.

వార్డు పుస్తకంలో నర్సు తన సొంత అభిప్రాయాలు రాయకూడదని నియమం. ఏడో వార్డు ఆసుపత్రి పుస్తకాన్ని తనిఖీ చేసి పదకొండేళ్ళయింది. అంచేత రాస్తున్నాను: యంత్రం చెప్పేది తప్పు. నేను, శివపార్వతి, పదిహేడేళ్ళ నౌకరీ మీద చెబుతున్నాను. మాత్రలు మాత్రం ఇచ్చి పంపాను. ఇవ్వకపోతే యంత్రం తర్వాతి మనిషిని పిలవదు.

మృగశిర, 2వ రోజు

డాక్టర్ ఓబులేసు వచ్చాడు. నాలుగు వార్డులకు ఒక్కడే డాక్టరు, కార్తెకు రెండుసార్లు వస్తాడు. హంసను పిలిపించి పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు. నోరు తెరిపించాడు, లోపల పుళ్ళు. మోకాళ్ళు చూశాడు, వాపు. పిల్లను బయట కూర్చోమని నాతో అన్నాడు:

"ఇది పురుగు గాదు పార్వతమ్మా. పేగు వాసిండాది. ఒంటికి కాపలా కాసేదే తిరగబడి పేగును కాలుస్తాంది."

పెద్దాసుపత్రిలో పేగులోకి కెమెరా పెట్టి చూడాలి. అలాంటి కెమెరా ఈ గట్టు మీది వార్డులన్నిటికీ కలిపి ఒక్కటే ఉంది. ఎవరు ముందు వెళ్ళాలో యంత్రం అంకె వేసి చెబుతుంది. అరవై దాటితే వారంలో పిలుపు, దాటకపోతే ఆరు నెలలు. హంసకు నలభై ఒకటి వచ్చింది. ఇంట్లో ఈ జబ్బు ఎవరికైనా ఉందా అని యంత్రం అడిగింది. తల్లికి లేదు, తండ్రికి లేదు, తాతలకు లేదు. లేదన్న ప్రతిసారీ అంకె తగ్గింది.

ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతేనని డాక్టరు చెప్పాడు. ఊరు విడిచి వచ్చినవాళ్ళకు ఈ జబ్బు తక్కువ. కొత్తచోట వాళ్ళకు పుట్టిన పిల్లలకు అక్కడివాళ్ళ పిల్లల్లాగే వస్తుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువగా వస్తుంది. నీళ్ళ వల్లా, తొట్లలో పెంచే తిండి వల్లా, చిన్నతనంలో మట్టిలో ఆడకపోవడం వల్లా అంటే ఎవరికీ తెలియదట. కాబట్టి అమ్మానాన్నలకు లేదని ఈ పిల్ల అంకె తగ్గించడం తెలివితక్కువ. వాళ్ళు పుట్టింది వేరేచోట.

అయితే ఆ ముక్క యంత్రానికి చెప్పండన్నాను. చెప్పడానికి అందులో గడి లేదన్నాడు.

ఆ గడి ఎందుకు లేదో ఆయన నాకు చెప్పనక్కర్లేదు. దాన్ని కొట్టేయించింది మా అమ్మ.

మృగశిర, 5వ రోజు

నాకు తొమ్మిదేళ్ళప్పుడు దివిసీమ మీదికి సముద్రం వచ్చింది, తిరిగి వెనక్కి పోలేదు. నడిచి, లారీలెక్కి, మళ్ళీ నడిచి సముద్రం అందని ఈ గట్టుకు చేరాం. గేటు దగ్గర కాగితం ఇచ్చారు. పేరు, వయసు, మూలం. మూలం అన్నచోట 'కింద', అంటే తీరం, అని ఉన్నవాళ్ళు కలరా తెస్తారని గేటు బయట రేకుల షెడ్లలో ఎనిమిది నెలలు ఆపేశారు. ఆరో నెలలో మా నాన్న వడదెబ్బకు పోయాడు. లోపలికి వచ్చాక కూడా ఆ గడి మమ్మల్ని వదల్లేదు. ఇల్లు కావాలన్నా అదే, బడికి పోవాలన్నా అదే, పనికైనా అదే. పద్దెనిమిదేళ్ళ కింద మా అమ్మ నాంచారమ్మ మరో నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పరిపాలన భవనం మెట్ల మీద కూర్చుంది. ఇరవై రెండు రోజులు మెతుకు ముట్టలేదు. అప్పుడు చట్టం వచ్చింది. గట్టులో ఏ ఉద్యోగీ ఎవరి మూలమూ అడగకూడదు, రాయకూడదు. ఇక్కడ పుట్టిన హంస లాంటి పిల్లల పుట్టుక కాగితం మీద 'గట్టు' అని ఒక్కమాటే ఉంటుంది. ఆ మాట కోసం అమ్మ పళ్ళు నాలుగు ఊడిపోయాయి.

మధ్యాహ్నం పని తక్కువగా ఉంటే మూడేళ్ళ పుస్తకాలు కిందికి దించాను. నెత్తురు విరేచనాలతో మూడుసార్లు, అంతకు మించి వచ్చిన పిల్లలు ఇరవై ముగ్గురు. పేర్లు చదువుకుంటూ పోయాను. పంతొమ్మిదిమంది మా దివివాళ్ళ పిల్లలే. వార్డులో మేం మూడోవంతు కూడా లేం. గేటు దాటి వచ్చిన పెద్దవాళ్ళలో ఈ జబ్బున్న మనిషి ఒక్కరు కూడా లేరు.

ఇళ్ళన్నీ ఎరిగినదాన్ని కాబట్టి నాకు కనబడింది. యంత్రానికి ఇరవై ముగ్గురు 'గట్టు' పిల్లలు తప్ప ఏమీ కనబడరు.

మృగశిర, 11వ రోజు

ఆరోగ్య లెక్కల కార్యాలయానికి ఉత్తరం రాశాను. అదే రోజు జవాబు వచ్చింది. పదకొండేళ్ళుగా గాలి జల్లెడ గురించి రాస్తుంటే ఒక్క జవాబు రాలేదు. ఉత్తరంలో జనం మూలాన్ని ప్రస్తావించినందుకు సంజాయిషీ ఇవ్వాలట, మూడు రోజుల్లో.

సంజాయిషీ చేత్తో పట్టుకుని నేనే వెళ్ళాను. అక్కడి అధికారి రామాంజినమ్మ. యాభై దాటిన మనిషి. గంటన్నర బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచింది. పంతొమ్మిదిమంది పేర్లూ, బరువులూ బల్ల మీద పెట్టాను. పేర్ల కాగితం వైపు చూడకుండా దాన్ని బోర్లించింది. చూస్తే తన కొలువు పోతుందంది. అయితే పిల్ల పోతే పరవాలేదా అని అడిగాను. ఆమె మంచినీళ్ళు తాగి, తలుపు వేసి వచ్చింది.

"ఆ గేటు కాడ కాగితాలు రాసింది నేనేమ్మా. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఎవురు కింద, ఎవురు పైన అని రాసిన చెయ్యి ఇది. ఇంగొక తూరి నేను అడగను. మీయంతట మీరు మీ మూలం రాసిస్తే తీసుకుంటా. చట్టంలో ఆ సందు ఉండాది."

ఎంతమంది రాసివ్వాలని అడిగాను. యంత్రం లెక్కలోకి తీసుకోవాలంటే కనీసం యాభై కుటుంబాలంది. బయటికి వస్తుంటే సంజాయిషీ మీద ముద్ర లేదని గుమస్తా వెనక్కి పిలిచాడు. ముద్ర వేయించుకోవడానికి ఇంకో గంట పట్టింది.

ఆరుద్ర, 1వ రోజు

దివి సంఘానికి పెద్ద మా అమ్మే. ఆమె ఊఁ అంటే యాభై కాదు, ఎనభై కుటుంబాలు రాసిస్తాయి. ఈ మాట నేను పది రోజుల ముందే ఆమెతో అనాల్సింది. అనలేకపోయాను. ఈరోజు చింతకాయ పచ్చడి నూరుతుంటే దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను.

పచ్చడి బండ ఆపకుండా విన్నది. డెబ్బై ఒకటి వచ్చాయి, వినబడుతోందో లేదో తెలియదు. అయిపోయాక అడిగింది:

"అంటే మళ్ళీ గేటు కట్టుకోమంటావా? ఈసారి మన సేత్తో మనమే?"

జబ్బు సంగతి వేరు, గేటు సంగతి వేరని చెప్పాను. కలరా కూడా జబ్బేనంది. ఇది అంటుకునే జబ్బు కాదన్నాను. ఆ మాట నీకు తెలుసు, బడిలో పక్కన కూర్చునే పిల్లకు తెలుసా అంది. ఏడుకొండలు తిండి తొట్ల షెడ్డులో పని చేస్తాడు, దివివాళ్ళ పేగుల్లో రోగముందని పేరొస్తే తొట్టి మీద చెయ్యి పెట్టనిస్తారా అంది. నాకు కోపం వచ్చింది. మూడేళ్ళుగా పిల్లలు నెత్తురు పోసుకుంటుంటే నువ్వు కాగితం మీద గడి గురించి ఏడుస్తున్నావన్నాను. అమ్మ పచ్చడి గిన్నెలోకి తీసి, మూత పెట్టి, అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆఫీసువాళ్ళు అడగరు. మావాళ్ళు చెప్పరు. మధ్యలో తూకం పట్టుకుని నేనున్నాను.

ఆరుద్ర, 4వ రోజు

హంస బడిలో పడిపోయింది. మోసుకొచ్చేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది, జ్వరం నూట మూడు. యంత్రం ముందు పెట్టలేదు. పెద్దాసుపత్రికి ఫోన్ చేసి డాక్టర్ ఓబులేసు పేరు చెప్పి బండి తెప్పించాను. ఆయనకు ఆ తర్వాత చెప్పాను.

పేగు చిల్లు పడింది. కోసి, రెండడుగులు తీసేశారు. బతికింది.

మూడు వారాల ముందు కెమెరా పెట్టి చూసుంటే మాత్రలతో పోయేదని అక్కడి సర్జన్ అన్నాడు. యంత్రం అంకె కాగితం చూపించాను. చూసి నాకే తిరిగి ఇచ్చాడు. అక్కడి రాతగాడు జబ్బు ఎలా మొదలైందని అడిగితే ఏడుకొండలు బయటి చిరుతిండి అని రాయించాడు. పక్కనే ఉన్నాను. ఆయన మీద అరవాలనిపించింది. ఆయన పిల్ల చెప్పులు చేతిలో పట్టుకుని ఉన్నాడు. అరవలేదు.

ఆరుద్ర, 9వ రోజు

అమ్మ పిల్లను చూస్తానంది. పచ్చడి నూరిన రోజునుంచీ నాతో మాట్లాడని మనిషి, చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

హంస మెలకువగా ఉంది. గట్టులో పుట్టిన పిల్లలందరిలాగే దానికీ ఇక్కడి యాస. అమ్మను చూసి నవ్వింది.

"మామ్మా, నువ్వు ఇరవై రెండు దినాలు తినకుండా ఉంటివంట గదా. ఆకలి కాలేదా?"

"నాలుగో రోజు దాకా ఏసింది. తరవాత తెలీలేదు" అంది అమ్మ.

"నాకు దినమూ అవుతాది. తింటే నొప్పి, అందుకని తినను. రెండు నెల్లాయె. అన్నం పక్కన పెట్టి తిన్నానని చెప్తాంటి."

"ఎందుకు సెప్పలేదే ఎవురికీ?"

"రోగమని తెలిస్తే నాయన పని పోతాది కదా. ఇంట్లో అనుకుంటాంటే విన్నా."

అమ్మ దాని పాదాలు దుప్పటి కిందికి సర్దింది. తిరిగి వచ్చేటప్పుడు నడవాలో రెండుచోట్ల కూర్చుంది. నీరసమా అంటే కాదంది. మా వీధి మలుపు దగ్గర ఆగి, ఆ ఆఫీసామె ఏం రాసివ్వమంది, సరిగ్గా చెప్పు అంది.

పునర్వసు, 2వ రోజు

అమ్మ చెబుతూ ఉంటే నేను రాశాను. నాలుగుసార్లు చింపించింది. ఈ సంగతి ఆసుపత్రి గడప దాటకూడదు, బడికి ఇవ్వకూడదు, ఇళ్ళ ఆఫీసుకు ఇవ్వకూడదు, పనిచోటికి ఇవ్వకూడదు, ఇచ్చినవాడి కొలువు పోవాలి. ఇన్ని షరతులకు కాగితం చాలదంటే ఇంకో కాగితం తెచ్చుకోమంది. ఇరవై రెండు రోజులు మెట్ల మీద కూర్చున్న మనిషికి ఎదురు చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాలేదు.

సాయంత్రం సంఘం కూడింది. ఎనభై నాలుగు కుటుంబాలు. గొడవ గొడవ అయింది. పరువు పోతుందన్నారు, పెళ్ళిళ్ళు కావన్నారు, ఆఫీసువాళ్ళు నన్ను కొనేశారని కూడా ఒకాయన అన్నాడు. ఆయన కొడుకు పేరు నా పంతొమ్మిదిమందిలో ఉంది. ఆ మాట బయటికి అనకుండా ఉండడానికి నేను పడ్డ పాటు నాకే తెలుసు.

అమ్మ లేచింది. లేవడానికి కాస్త సేపు పట్టింది.

"ఆ రోజు ఆ గడి మనల్ని గేటు బయట నిలబెట్టింది, కొట్టేయించాను. ఇయ్యాల అది లేక ఏడుకొండలు పిల్ల ఆసుపత్రి బయట నిలబడింది. ఆ పిల్ల ఆకలిని నేను సూసొచ్చాను. నేను రాసిత్తన్నాను. మీరు రాయకపోతే మీ ఇట్టం."

అందరికంటే ముందు వేలిముద్ర వేసింది. సంతకం వచ్చు, అయినా వేలిముద్రే వేసింది. యాభై ఒక్క కుటుంబాలు రాసిచ్చాయి. తక్కినవాళ్ళు వెళ్ళిపోయారు. ఏడుకొండలు కూడా వెళ్ళిపోయాడు.

పునర్వసు, 10వ రోజు

అనుకున్నంతా అయింది.

కాగితాలు రామాంజినమ్మ తీసుకుంది. రెండో పేజీలో తేదీ లేదని ఒకసారి, తేదీ కార్తెల్లో కాక అంకెల్లో ఉందని ఇంకోసారి వెనక్కి పంపి, మూడోసారి తీసుకుంది. ఎవరు చెప్పారో ఎలా పొక్కిందో, మూడోనాటికల్లా తిండి తొట్ల షెడ్డు మేస్త్రీ దివివాళ్ళు పన్నెండుమందినీ విషయం తేలేదాకా ఇంట్లో ఉండమన్నాడు. అందులో ఏడుకొండలు ఉన్నాడు. పాపం, ఆయన రాసివ్వను కూడా లేదు.

డాక్టర్ ఓబులేసు షెడ్డుకు వెళ్ళి ఇది ఒకరినుంచి ఒకరికి అంటేది కాదని చెప్పాడు. మేస్త్రీ కాగితం కావాలన్నాడు. ఫలానా మనిషికి అంటు రోగముందని ఇవ్వడానికి ఆసుపత్రి యంత్రంలో తొమ్మిది రకాల కాగితాలున్నాయి. లేదని ఇవ్వడానికి ఒక్కటి లేదు. డాక్టరు చేత్తో రాసిచ్చాడు. చేతిరాత చెల్లదన్నారు.

అమ్మ వెళ్ళి షెడ్డు గుమ్మం ముందు కూర్చుంది. ఈసారి అన్నం క్యారేజీ తీసుకెళ్ళింది. మధ్యాహ్నం అక్కడే విప్పి, లోపలికి వచ్చేపోయే వాళ్ళందరినీ తినిపొమ్మని పిలిచిందట. మొదటిరోజు ఎవరూ కూర్చోలేదు. రెండోరోజు ఓబులేసు కూర్చుని తిన్నాడు. మూడోరోజు లోపల పనిచేసే పైవాళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు పచ్చడి బాగుందని ఇంకొంచెం అడిగారట. అయిదోరోజు రామాంజినమ్మ దగ్గరినుంచి ముద్ర ఉన్న కాగితం వచ్చింది, పన్నెండుమందీ లోపలికి వెళ్ళారు. ఆమె తనంతట తానే పంపిందో, అమ్మ షరతుల కాగితం చదివి భయపడి పంపిందో నాకు తెలియదు. అడగలేదు.

అమ్మకు ఎండదెబ్బ తగలలేదు, షెడ్డు కప్పు కిందే ఉంది కాబట్టి. నడుము మాత్రం పట్టేసింది. రోజూ నేనే నూనె రాస్తున్నాను, నేను సరిగ్గా రాయనని తిడుతోంది.

పుష్యమి, 6వ రోజు

యంత్రంలోకి కొత్త గడి వచ్చింది. తల్లిదండ్రులు పుట్టిన చోటు. నింపడం మన ఇష్టం, ఆసుపత్రి బయట ఎక్కడా కనబడదు. నాలుగు అక్షరాలు పడతాయి. నాలుగే ఎందుకని ఫోన్ చేసి అడిగాను. మొదట మూడే అనుకున్నామన్నారు.

రాసిచ్చిన ఇళ్ళ పిల్లల్లో పద్నాలుగుమందికి అంకె అరవై దాటింది. కెమెరా పరీక్ష అందరికీ అయింది. పదకొండుమందికి పేగు వాపే. ఎవరికీ కోత పడలేదు, మాత్రలు మొదలుపెట్టారు. ఆ రోజు నన్ను ఆఫీసువాళ్ళు కొనేశారన్న ఆయన కొడుకు ఈ పద్నాలుగుమందిలో లేడు. వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ తాళం వేసి ఉంది, లోపల మాటలు వినబడుతున్నాయి. రేపు మళ్ళీ వెళతాను.

హంస ఇంటికి వచ్చింది. ముప్పై నాలుగు కిలోల రెండు వందలు. మెత్తటి అన్నం పెడుతున్నారు. తింటే నొప్పి లేదంటోంది, కానీ ఇప్పటికీ మొదటి ముద్ద పెట్టుకున్నాక కాసేపు ఆగుతుందని వాళ్ళమ్మ చెప్పింది.

ఆసుపత్రి మూసే వేళకు ఏడుకొండలు వచ్చాడు. చిన్నకూతుర్ని తెచ్చాడు, ఏడేళ్ళ పిల్ల, పేరు రేవతి. ఏమీ జబ్బు లేదు, ముందే చూడమన్నాడు. ఇప్పుడా రావడం, ఆ రోజు సంఘంలోంచి లేచి వెళ్ళిపోకుంటే ఏమయ్యేదని మొహాన్నే అడిగాను. ఆయన జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

తల్లిదండ్రులు పుట్టిన చోటు ఒక్కముక్క రాస్తే సరిపోతుంది. ఆయన పేజీ నిండా రాసుకొచ్చాడు. ఇంత యంత్రంలో పట్టదని చెప్పాను. ఎంత పడితే అంత పెట్టుకోమన్నాడు. 'ఈలచెట్లదిబ్బ' కొడితే చివర రెండు అక్షరాలు తీసుకోలేదు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ తీసుకోలేదు. ఆయన నా వెనక నిలబడి యంత్రం అద్దంలో తెగిపోయిన ఊరిపేరును చూస్తూ ఉండిపోయాడు. అది చూసి, ఇంటికి వెళ్ళాల్సిన వేళ దాటిపోతున్నా, ఈ పుస్తకం తీసి ఆ కాగితం మొత్తం ఎక్కించడం మొదలుపెట్టాను:

మోకా ఏడుకొండలు, తండ్రి సోమయ్య. పుట్టిన ఊరు ఈలచెట్లదిబ్బ. ఎదురుమొండి రేవులో పడవ ఎక్కాలి. పడవ దిగాక ఎడమచేతి వైపు మూడో ఇల్లు మాది. వాకిట్లో వలలు ఆరేసే కర్రలుంటాయి. భార్య పుట్టింది నాచుగుంట, వాళ్ళ నాన్నది పీతల బేరం.

అంతవరకూ రాశాక ఏడుకొండలు నా భుజం మీదుగా వంగి చదివాడు.

"మూడోది కాదమ్మా. అది మా పెదనాన్నది. మాది నాలుగోది. కంగార్లో తప్పు రాసుకొచ్చాను."

ఆ ఇల్లు నీళ్ళ కిందికి వెళ్ళి ఇరవై తొమ్మిదేళ్ళయింది, మూడోదైతే ఏమిటి, నాలుగోదైతే ఏమిటి అనబోయాను. మూడు కొట్టేసి నాలుగు అని రాశాను.